ఖాళీ మార్జిన్

మేడమీద గది
మార్చి 3

కోడలుపిల్లా,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం దొరికినందుకు సంతోషం. నీ పని ఏమిటని కింద వాటా ఆయన అడిగితే, రేవులో క్రేన్ డ్రైవర్లకి టోపీలు పెడుతుంది అన్నాను. ఆయన "మీ చెల్లెలు ఇంత చదివించింది దానికా?" అన్నాడు. అవి మెదడు తరంగాలు పట్టే టోపీలని చెప్పలేదు. చెబితే తన తలనొప్పి సంగతి ఎత్తుతాడు. ఎత్తాడంటే భోజనాల వేళ దాకా దించడు.

నువ్వు రాసినది రెండుసార్లు చదివాను. నాలుగు వైర్లు, ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజి ముక్కలు, చెవి వెనక అగ్గిపెట్టెంత యంత్రం, అందులోంచి ఫోనులోకి గీతలు. అంతా కలిపి ఒక సైకిలు ధర. మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే ఎనిమిది గంటలు రికార్డవుతుంది. బాగుంది. నేను ముప్పై నాలుగేళ్ళు పెద్దాసుపత్రి నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, బయటి కరెంటు గీతల్లోకి చొరబడకుండా గోడలకి రాగి వల బిగించుకుని ఇదే పని చేశాను. టేపుతో తల కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, చుక్క చుక్కకీ చర్మం రుద్ది, జిగురు పూసి, వైరు అంటించేసరికి ముప్పావుగంట. ఇరవై నిమిషాల రికార్డుకి ముప్పై ఆరు మీటర్ల కాగితం. ఇప్పుడు టోపీ తగిలించి పొమ్మంటున్నారు. ఈ ముసలాడు ఓర్వలేక ఏడుస్తున్నాడు అనుకోకు. అనుకున్నా ఫర్వాలేదు.

ఒక్క ముక్క చెబుతాను. ఆ గీతలు మెదడు ఒక్కదానివే కావు. కన్ను, దవడ, చెమట, మెడ నరం, గదిలో ఫ్యాను, పిలవని చుట్టాల్లా అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఏది మెదడో ఏది కాదో మనిషిని చూస్తూ పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది. అందుకే మేం కాగితం అంచున పెన్సిల్‌తో రాసేవాళ్ళం. కళ్ళు మూశాడు. దగ్గాడు. భయపడ్డాడు. ఆ మార్జిన్ లేకపోతే ఎంత గొప్ప డాక్టరైనా గుడ్డివాడే.

నా జ్ఞాపకాల పుస్తకంలో నాలుగో అధ్యాయం ఆరోసారి తిరగరాశాను. నకలు పెడుతున్నాను. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు అందులో ఉన్నాడు. ఆయన పోయాడు కదా మావయ్యా అంటావు. పోయినంత మాత్రాన మంచివాడైపోతాడా? నేను చదివిన జీవితచరిత్రల్లో చచ్చినవాడికి మర్యాద చేసిన పుస్తకం ఒక్కటీ నిలవలేదు.

గీతలు చూడాలని ఉంది. నాకు ఫోను లేదు, ఉన్నా తెరమీద గీతని నమ్మను. కాగితం మీద తీసి పోస్టులో పంపు.

మావయ్య


రేవు, రేకుల షెడ్డు
మార్చి 19

మావయ్యా,

నేను టోపీలు పెట్టే సంగతి మీరు వీధంతా చాటారని అమ్మ ఫోను చేసి మరీ నవ్వింది. కానివ్వండి.

ఇక్కడ ఇరవై ఆరుగురు క్రేన్ డ్రైవర్లు. పొద్దున ఆరింటికి షెడ్డులో వరసగా కూర్చుంటారు. స్పాంజీలు తడిపి, టోపీ బిగించి, ఫోనులో నాలుగు గీతలూ కదులుతున్నాయో లేదో చూసి పైకి పంపుతాను. మధ్యాహ్నానికి తలలు పచ్చిపులుసు గిన్నెల్లా కారుతుంటాయి. ప్రోగ్రాం రికార్డు చదివి, మనిషి మెలకువగా ఉంటే పచ్చ, తూగుతుంటే ఎరుపు పెడుతుంది. ఎరుపులు హద్దు దాటినవాళ్ళని కిందకి దించుతారు. దించితే గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని లారీ నంబర్లు రాసుకోవాలి.

నేను మీ మేనకోడల్నే కదా, మొదటి వారం ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఫలానా టైముకి తుమ్మాడు, ఫలానా టైముకి టోపీ జారింది అని. ఈ టోపీల పనంతా నడిపే నరాల డాక్టరు, మా సార్, చూశారు. ఈ ఉక్కలో కూడా టై కట్టుకుని వస్తారు. అందరి ముందూ ఆ బుక్కు పైకెత్తి, "ఇదేంటి, డైరీనా? చెత్త ఏరిపారేయడం మెషిన్ చూసుకుంటుంది. నీ పని స్పాంజి ఆరకుండా చూడటం" అన్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మావయ్యా, నాకు ముప్పై రెండేళ్ళు.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఒకాయన్ని గడియారం అంటారు. ఇరవై ఏడేళ్ళుగా క్యాబిన్‌లో ఉన్నాడు, ఒక్క కంటైనరు కూడా ఓడకి తగిలించలేదు. నాలుగు షిఫ్టుల్లోనూ ఆయనకి ఎరుపే. షిఫ్టుకి నలభై సార్లు నిద్రపోయాడని చూపిస్తోంది. ఫోను ఆయనకే చూపించాను. చూసి, "అమ్మాయ్, నలభై సార్లు నేను నిద్రపోతే ఆ నలభై పెట్టెలూ ఎవరు దించారు?" అన్నాడు. ఆయన రికార్డు కాగితాల మీద తీసి పంపుతున్నాను.

నాలుగో అధ్యాయం చదివాను. ఆ రైల్వే సిగ్నల్‌మనిషి ఎండకి సొమ్మసిల్లితే పరీక్షకి పంపడం, ఆయన నోట్లో పన్ను ఊగుతుంటే నాలుక దానిమీదకే పోతుండటం, అది కాగితం మీద మూర్ఛలాగా కనిపించడం, మీరు మార్జిన్‌లో "నాలుక" అని రాసినా పెద్ద డాక్టరు లెక్కచేయక మూర్ఛరోగమని తేల్చి ఆయన్ని సిగ్నల్ నుంచి తీయించేయడం. చదువుతుంటే ఒళ్ళు మండింది.

మీ కోడలు


మేడమీద గది
మార్చి 27

కోడలుపిల్లా,

కాగితాలు నేలమీద పరిచి పొద్దుటినుంచి మోకాళ్ళమీదే ఉన్నాను. కింద వాటా ఆయన భార్య పైకి వచ్చి, నేను పడిపోయాననుకుని కేకేసింది.

నీ గడియారం నిద్రపోవడం లేదు. నుదుటి వైర్లలో పెద్ద పెద్ద అలలు నిదానంగా వస్తున్నాయి, నిజమే. ప్రోగ్రాం అవి చూసి నిద్ర అంటోంది. కానీ చెవుల వెనక గీతలు చూడు. సన్నగా, చురుగ్గా, మారకుండా ఉన్నాయి. సగం తల మేలుకుని సగం తల గురకపెట్టే మనిషిని నేను ఎక్కడా చూడలేదు, ఒక్క మా ఆసుపత్రి స్టోరుకీపరులో తప్ప.

ఇంకొకటి. అలల్ని స్కేలు పెట్టి లెక్కపెట్టాను. గుంపుకి పద్నాలుగు. తర్వాతి గుంపూ పద్నాలుగే. పదమూడు లేదు, పదిహేను లేదు. నిద్ర లెక్కపెట్టుకోదమ్మా. మనిషి లెక్కపెడుతున్నాడు.

అతని నోరు చూడు. నాలుక అంటే చిన్న బ్యాటరీ. కొనకీ మొదలుకీ విద్యుత్తు వేరు. అది నోట్లో కదిలినప్పుడల్లా నుదుటి మీద వైరుకి మెదడు అల వచ్చినట్టే ఉంటుంది. సిగ్నల్‌మనిషి విషయంలో జరిగింది అదే. పైకెక్కి అతని పక్కన కూర్చో. టైగారి అనుమతి అడగకు.

మావయ్య


రేవు, రేకుల షెడ్డు
ఏప్రిల్ 5

మావయ్యా,

ఎక్కాను. రెండు వందల పన్నెండు మెట్లు. లిఫ్టు ఉంది కానీ దానికి సార్ కార్డు కావాలి. సగంలో కిందకి చూశాను, చూడకుండా ఉండాల్సింది. క్యాబిన్‌కి కాళ్ళ కింద కూడా అద్దమే. గడియారం నన్ను చూసి, "ఎందుకొచ్చావమ్మాయ్, పడితే నాకు ఇంకో ఎరుపు" అన్నాడు.

మూల ఇనపపెట్టె మీద కూర్చుని ఆయన దవడ చూస్తూ ఉన్నాను. కంటైనరు కిందకి వస్తుంటే గాలికి తాళ్ళమీద ఊగుతుంది. ఊపు చచ్చేదాకా ఆగి దించాలి. అలా ఆగిన ప్రతిసారీ ఆయన బుగ్గ లోపల ఏదో ఎడమనుంచి కుడికి నడిచింది.

"బాబాయ్, నోట్లో ఏముంది?"

"ఏం లేదే."

"నాలుకతో ఏం చేస్తున్నారు?"

ఆయన చెయ్యి లీవరు మీద ఆగిపోయింది. తర్వాత చిన్నపిల్లాడు దొరికిపోయినట్టు నవ్వాడు. చేతులు రెండూ లీవర్ల మీద, కాళ్ళు రెండూ పెడళ్ళ మీద ఉంటాయట. వేళ్ళు మడవడానికి లేదు, పైకి లెక్కపెడితే ఇయర్‌ఫోనులో కింద వాళ్ళకి వినపడుతుంది, ఏడిపిస్తారు. అందుకని పై వరస పళ్ళమీద నాలుక ఆనిస్తూ ఒక్కో పన్నుకీ ఒక్కో లెక్క. చివరి పన్ను దగ్గరికొచ్చేసరికి ఊపు చస్తుంది, అప్పుడు లీవరు వదులుతాడు. పై వరసలో ఆయనకి మిగిలినవి పద్నాలుగు.

"ఇంకో పన్ను పోతే ఎలా బాబాయ్?"

"పళ్ళ డాక్టరు దగ్గరికి పోకుండా పదేళ్ళనుంచి నెట్టుకొస్తున్నది అందుకేగా" అన్నాడు.

ఆ ఎరుపంతా నాలుకేనని చెప్పాను. నమ్మడానికి కాస్త టైము పట్టింది. నేను దిగబోతుంటే, "రాస్తావుగా అమ్మాయ్?" అన్నాడు. రాస్తానన్నాను. రేపే రాసి సార్ టేబుల్ మీద పెడతాను. ఇరవై ఎనిమిదిన రేవు పెద్దలూ బీమావాళ్ళూ అందరూ వస్తున్నారు, సార్ వాళ్ళ ముందు ఈ పచ్చా ఎరుపులన్నీ చదువుతారు. ఆలోగా సరిదిద్దుకోవచ్చు.

మీ కోడలు


మేడమీద గది
ఏప్రిల్ 10

కోడలుపిల్లా,

రాయకు.

ఈపాటికి రాసేశావేమోనని ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. ఇంకా రాయకపోతే ఆగు. టేబుల్ మీద పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. మీ టైగారు ఆ కాగితం చదివి, నీకు థాంక్స్ కూడా చెప్పకుండా, నాలుక సంగతి తానే కనిపెట్టినట్టు ఆ సభలో చెబుతాడు. పైవాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. నా ముప్పై నాలుగేళ్ళ మార్జిన్లు ఎందరి ఉపన్యాసాలై చప్పట్లు కొట్టించుకున్నాయో నాలుగో అధ్యాయంలో ఇంకా సగమే రాశాను.

ఇరవై ఎనిమిదో తారీకు దాకా నోరు మూసుకో. అతన్ని చదవనీ. గడియారం నలభై సార్లు నిద్రపోయాడని అందరి ముందూ గొంతు సవరించుకుని చెప్పనీ. అప్పుడు లేచి నిలబడు. స్పాంజీలు తడిపే మనిషి లేచి మెల్లిగా చెప్పాలి, "సార్, అది నిద్ర కాదు, నాలుక" అని. అప్పుడు అతని మొహం చూడు, చూసి నాకు రాయి. అలాంటి మొహం ఒక్కటి చూడటానికి నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూశాను, దొరకలేదు.

సిగ్నల్‌మనిషి అసలు కాగితం నా పెట్టెలోనే ఉంది, రిటైరయ్యేనాడు తెచ్చుకున్నాను. మడతల కట్ట మొత్తం రిజిస్టరు పార్సిలులో పంపుతున్నాను. సభలో బల్లమీద పరిచి చూపించు.

రెండు రోజులనుంచి కాలు నిలవడం లేదు. వరండాలో పచార్లు చేస్తుంటే నెత్తిన రోలు దొర్లుతోందా అని కింద నుంచి అడుగుతున్నారు.

మావయ్య


రేవు, రేకుల షెడ్డు
ఏప్రిల్ 18

మావయ్యా,

సార్ వారంగా ఊళ్ళో లేక, మీ ఉత్తరం వచ్చేసరికి రాసిన కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. సార్ గది తలుపు దాకా వెళ్ళి, నోటుబుక్కు పైకెత్తి చూపించిన ఆ రోజు గుర్తొచ్చి, వెనక్కి వచ్చేశాను. మీరు చెప్పారనే కాదు. నాకూ ఆ మొహం చూడాలనిపించింది.

పదిహేనో తారీకున ప్రోగ్రాం దానంతట అదే ఎరుపుల జాబితా రేవు ఆఫీసుకి పంపించేసింది. నెలకోసారి అలా పంపుతుందని నాకు తెలీదు. తెలుసుకోవడం నా పని కాదనుకున్నాను. పదహారో తారీకు పొద్దున గడియారం టోపీ కోసం వరసలో కూర్చున్నాడు. ఆఫీసునుంచి ఒకతను వచ్చి, నువ్వు పైకి వెళ్ళక్కర్లేదు అన్నాడు. నేను చేతిలో స్పాంజి పట్టుకుని నిలబడ్డాను. గడియారం అతని వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అమ్మాయ్, నీకు తెలుసు కదా?"

ఇరవై ఐదుగురు విన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ గేటు దాటాలి నేను. ఇప్పుడు వెళ్ళి చెబితే, పదమూడు రోజులు ఎందుకు దాచావంటారు. ఏం చెప్పను? సభలో మెరవడానికని చెప్పనా?

మీ పార్సిలు అందింది. నిన్న షెడ్డులో బల్లలు కలిపి కాగితం మొత్తం మడత మడతగా పరిచి చూశాను. ఒకటి అడగాలి, తప్పుగా అనుకోకండి. మొత్తం రికార్డులో ఒక్క మాటే రాసి ఉందేం? కళ్ళు మూయించినప్పుడు లేదు, తెరిపించినప్పుడు లేదు. మీరు రాయకుండా ఉండరే. ఆ "నాలుక" అన్న మాట కూడా బాల్‌పెన్‌తో ఉంది. మడత దగ్గర కాగితం చిట్లిన పగులులోకి సిరా దిగింది.

మీ కోడలు


కార్డు
ఏప్రిల్ 23

కాగితం వెనక్కి పంపు. వయసులో పెద్దవాణ్ణి ఇలా అడగవచ్చా అని ఒక్కసారైనా ఆలోచించావా? ఆ రోజుల్లో పెన్సిళ్ళకి కరువుండేది. స్టోరుకీపరు సంగతి మూడో అధ్యాయంలో రాశాను, చదువుకో.


మేడమీద గది
ఏప్రిల్ 24

కోడలుపిల్లా,

నిన్నటి కార్డు చించెయ్యి. పోస్టుడబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి తీయాలని చూశాను, పట్టలేదు. పెన్సిళ్ళకి ఎప్పుడూ కరువు లేదు.

జరిగింది ఇది. ఆ ముందు రోజు పెద్ద డాక్టరు విద్యార్థుల్ని వెంటేసుకుని నేలమాళిగకి వచ్చాడు. నేను రాసిన మార్జిన్ ఒకటి పైకి చదివి, "ఈయన దగ్గర కూర్చుంటే మీకు పరీక్ష అక్కర్లేదు, అన్నీ ఈయనే తేల్చేస్తాడు" అన్నాడు. పిల్లలు నవ్వారు. నా వైపు తిరిగి, "నీ పని కాగితం అయిపోకుండా చూడటం" అన్నాడు. నీ స్పాంజి సంగతి చదివినప్పుడు నాకు అన్నం సహించకపోవడానికి కారణం అదే.

మర్నాడు సిగ్నల్‌మనిషి వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టిన రెండో నిమిషంలోనే నాలుక ఆ పన్ను మీదకి పోవడం చూశాను. పెన్సిల్ నా చేతిలోనే ఉంది. రాయలేదు. ఇరవై నిమిషాలు, ఒక్క అక్షరం రాయలేదు. కాగితం అయిపోకుండా చూశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను కదా. శనివారం మీటింగులో ఆయన ఈ కాగితం పట్టుకుని మూర్ఛ అని ఉపన్యాసం ఇస్తాడు, అప్పుడు లేచి పన్ను సంగతి చెబుతాను అనుకున్నాను. నీకు నేర్పిన పాఠం మాటకి మాట అదే.

ఆ శనివారం మీటింగు జరగలేదు. పై శనివారం ఆయన ఊళ్ళో లేడు. ఆ తర్వాత విచారించేసరికి సిగ్నల్‌మనిషి చేతిలో రిపోర్టు పెట్టి పంపేశారని తెలిసింది. అప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశావని అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడి ఊరుకున్నాను. మూడు వారాలు మూడేళ్ళయ్యాయి. రిటైరయ్యాక కాగితం తీసి, బాల్‌పెన్‌తో ఆ ఒక్క మాట రాసుకున్నాను. రాసిన కొన్నాళ్ళకి నిజంగానే ఆ రోజే రాశాననిపించింది. నేను చదివిన పుస్తకాలన్నీ నాకు ఇంతవరకే పనికొచ్చాయి.

పెద్ద డాక్టరు చెడ్డవాడే. అందులో ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. కానీ ఆయనకి ఎదుట ఉన్నది ఖాళీ మార్జిన్. దాన్ని ఖాళీగా ఉంచింది నేను.

సభ దాకా ఆగకు. ఇప్పుడే వెళ్ళు. ఎందుకు దాచావంటే ఉన్నది చెప్పు, తిట్లు తిను. రుజువు ఎలా చూపాలో చెబుతాను. టోపీ పెట్టి, కదలకుండా కూర్చోబెట్టి, "లలలల" అనమను. నాలుక ఆడినప్పుడల్లా ఆ అలే వస్తుంది. గొంతు రానివ్వకుండా నాలుకొక్కటే ఆడించమన్నా వస్తుంది. గడియారం ఒక్కడికే కాదు, ఎవరి తలైనా సరే.

మావయ్య


రేవు, రేకుల షెడ్డు
మే 2

మావయ్యా,

వెళ్ళాను. ఇరవై ఏడున మీ ఉత్తరం అందిన గంటకి.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నారు సార్.

"ఏప్రిల్ ఐదున."

"ఇప్పుడు చెబుతున్నావా?"

"మెషిన్ చూసుకుంటుందన్నారు కదా మీరు. అందుకని చెప్పలేదు. రేపు అందరి ముందూ చెబుదామనుకున్నాను."

ఆయన లేచి తలుపు వేసి వచ్చి, టోపీ తనకే పెట్టమన్నారు. టై అడ్డం వస్తుంటే భుజం మీదకి వేసుకున్నారు. "ఏమనాలి?" "లలలల అనండి." "ఏ రాగం?" అన్నారు, కానీ నవ్వించడానికి కాదు. లలలల అన్నారు. ఎరుపు. మళ్ళీ అన్నారు. మళ్ళీ ఎరుపు. నీళ్ళు నుదుటి మీంచి కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా తెరవైపు చూస్తూ, "నేను నిద్రపోతున్నానట" అన్నారు.

మీరు ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మొహం అదే అనుకుంటాను. చూశాను మావయ్యా. అందులో పెద్దగా ఏమీ లేదు. తడిసిపోయి, అలిసిపోయిన మనిషి మొహం.

ఆ సాయంత్రమంతా ఎరుపు పడినవాళ్ళ రికార్డులు ఇద్దరం కూర్చుని చూశాం. ఏడుగురిలో ఒకాయన ఎప్పుడూ ఏదో నములుతుంటాడు, ఒకాయనకి టోపీ వదులు. ఒకతను మాత్రం నిజంగానే తూగుతున్నాడు. ఇంట్లో నెలల బిడ్డ ఉందట, రాత్రిళ్ళు నిద్ర లేదు. టోపీ అబద్ధం చెప్పలేదు అతని విషయంలో. పొద్దున పడుకునేలా అతన్ని కొన్నాళ్ళు మధ్యాహ్నం షిఫ్టుకి వేయమని రాశాం. సభలో సార్ తప్పు ఒప్పుకున్నారు. నా పేరు చెప్పలేదు, మీరన్నట్టే. కానీ నా నోటుబుక్కు బల్లమీద పెట్టారు, ఇకమీదట ప్రతి టోపీకీ ఒకటి ఉండాలన్నారు.

ఇవాళ పొద్దున గడియారం వరసలోకి వచ్చాడు. టోపీ పెడుతుంటే తల వంచాడు, నా మొహం చూడలేదు. "పదహారు రోజులమ్మాయ్" అన్నాడు. అంతే. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మీ సిగ్నల్‌మనిషివి పదహారు రోజులు కావు. ఆయన ఉన్నాడా మావయ్యా?

మీ కోడలు


సిగ్నల్‌మనిషి ఇంటి వసారా
మే 21

కోడలుపిల్లా,

ఉన్నాడు. రైల్వే పాత రికార్డుల గుమాస్తాని తొమ్మిది రోజులు విసిగించి చిరునామా తీశాను. రెండు బస్సులు మారి వచ్చాను. స్టేషను వెనక రెండు గదుల ఇల్లు, కూతురి దగ్గర ఉంటున్నాడు. నేనెవరో చెప్పకముందే, "తలకి జిగురు పూసినాయన కదూ" అన్నాడు. అరవై తొమ్మిదేళ్ళు. నోట్లో ఒక్క పన్నూ లేదు.

కాగితం వసారాలో పరిచి, నీకు రాసినదంతా చెప్పాను. ఆ రోజు నా చేతిలో పెన్సిల్ ఉందని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చాలాసేపు ఆ గీతలమీద వేలు పెట్టి నడిపించాడు. తర్వాత, "ఆ పన్ను ఆ వారమే ఊడిపోయింది" అన్నాడు.

సిగ్నల్ నుంచి తీసేసి ప్లాట్‌ఫారం ఊడ్చే పనిలో వేశారట. ముప్పై ఒక్క ఏళ్ళుగా మాత్రలు మింగుతున్నాడు. స్నానాలగది తలుపు గడియ పెట్టుకోడు. పొయ్యి దగ్గరికి ఒంటరిగా పోడు. ఎప్పుడు పడిపోతానో అని తన పిల్లల్ని ఎప్పుడూ నిలబడి ఎత్తుకోలేదట. నేలమీద, గోడకి ఆనుకుని కూర్చుంటే ఎవరో ఒకరు తెచ్చి ఒళ్ళో పెట్టాలి. కూతురు లోపలినుంచి వింటోంది. బయటికి వచ్చి నాకు మంచినీళ్ళిచ్చింది, గ్లాసు కింద పెట్టిన చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

ఆమె కూతురికి అయిదు నెలలు. ఉయ్యాల్లో ఉంది. అతను అటు చూస్తూ అడిగాడు. "అయితే ఈ పిల్లని నేను నిలబడి ఎత్తుకోవచ్చా?"

నలభై ఏళ్ళుగా, ఆ గీతలకి అర్థం చెప్పే అధికారం నాకు లేదన్న కోపంతో బతికాను. ఇన్నాళ్ళకి ఒకడు నన్నే అర్థం అడిగాడు. ఆ కాగితంలో ఉన్నది పన్నే, రోగం కాదు, అంతవరకు తెలుసు. కానీ అది ముప్పై ఒక్క ఏళ్ళనాటి ఇరవై నిమిషాలు. మాత్రలు ఆపమని గానీ, పిల్లని ఎత్తుకోమని గానీ డాక్టరు చెప్పాలి. పెద్దాసుపత్రికి పోదాం, నేను తీసుకెళ్తానన్నాను. ఆ నేలమాళిగ మెట్లు మళ్ళీ దిగనన్నాడు. బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. అతని తప్పు కాదు.

కాబట్టి నీ టోపీ తీసుకుని రా. నేను దాన్ని అన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి, నువ్వు గుర్తుచేయక్కర్లేదు. ఈ వసారాలో, అతని కుర్చీలో, ఆ ఉయ్యాల పక్కన రికార్డు చేద్దాం. ఒక పూట కాదు, రోజంతా, నిద్రలో కూడా. మీ టైగారిని కూడా రమ్మను. నాలుగు వైర్లు చాలవంటే ఇంకేం కావాలో అతన్నే చెప్పమను. డాక్టరుగా చదవాల్సింది అతను. రమ్మని నేనే అడుగుతున్నానని చెప్పు, ఆ మాట అతనికి వినిపించేలా చెప్పు.

నాలుగో అధ్యాయం చింపలేదు. ఏడోసారి తిరగరాయాలి.

నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. వసారాలో పడుకోవడానికి కూతురు చాప ఇచ్చింది, దిండు ఇవ్వలేదు. నోటుబుక్కు కొత్తది కొన్నాను. పెన్సిల్ చెక్కి జేబులో పెట్టుకున్నాను.

మావయ్య